బరువులెత్తే మగాడు

కుటుంబ నియంత్రణ సేవలు అందరికీ అందాలని మన ఆరోగ్య శాఖ తెగ తాపత్రయపడుతుంటుంది. ఆ అందరిలో మగవాళ్లు లేరన్న సంగతి లెక్కలు తీస్తేగాని బయటపడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలోని పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వేసెక్టమీ చేయించుకున్న మగమహారాజులు ఒక్క శాతం కూడా లేరు.

ఎందుకంటే మగాడు బరువులెత్తాలి. ఏఎన్‌ఎం ఇంటికొచ్చి, "కోతా కుట్టూ ఉండదన్నా, పావుగంట పని, నడుచుకుంటూ ఇంటికొచ్చేస్తావు" అని చెబుతుండగానే అత్తగారు అడ్డం పడుతుంది. "వాడికొద్దమ్మా, కష్టం చేసే ఒళ్లు. కావాలంటే కోడలికి చెయ్యండి." కోడలికి చేస్తారు. పొట్ట మీద కుట్లు ఆరకముందే ఆ పిల్ల నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని బోరింగు దగ్గర్నుంచి వస్తుంటుంది. నీళ్లు బరువు కిందకి రావు కదా!

సర్కారు మాత్రం ఆశ పెట్టకపోలేదు. 2007లో కేంద్రం ఖరారు చేసిన లెక్కలో ఆపరేషన్ చేయించుకున్న మగాడికి 1,100 రూపాయలు, పేదింటి ఆడమనిషికి 600. చిన్న ఆపరేషన్‌కి పెద్ద మొత్తం, పెద్ద దానికి చిన్నది. అయినా మన పురుషుడు డబ్బుకి లొంగలేదు. ఓటు దగ్గర కూడా ఇంత నిబ్బరం చూపిస్తే ఎంత బాగుండేదో.

2017లో సేవలు నిజంగానే విస్తరించాయి. మూడు నెలలకో ఇంజెక్షన్ 'అంతర', వారానికో మాత్ర 'ఛాయ', రెండూ ఉచితం. రెండూ ఆడవాళ్లకే.

ఈ ఆపరేషన్ల శిబిరాలు మూడేళ్లలో ఎత్తేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం శిబిరంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. దీని మీద వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు.

ఇక తాజా ముచ్చట. ఇద్దరికి మించి కంటే సర్పంచి పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్ర ప్రభుత్వం 2024లో ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. పాతికేళ్లు నిండకుండానే ట్యూబులు ముడేయించుకున్నవాళ్ల మాటేమిటి? దానికీ దారుంది, రీకెనలైజేషన్. మళ్లీ పొట్ట కోసి, మూసిన ట్యూబుల్ని అతకాలి. రేపు దానికీ ఊరూరా శిబిరాలు పెడితే మగవాళ్లు తప్పకుండా వస్తారు. ఆటోలో దింపడానికొకరు, ఫారం మీద సంతకానికొకరు, రిబ్బను కత్తిరించడానికి ఎమ్మెల్యేగారు.