రంగు పడని బాబాయి

అన్నవరంలో కొండ మీద సత్యదేవుడు, కొండ కింద మా వీధిలో పాత సినిమాల బాబాయి గారు. స్వామికి ఏడాది పొడుగునా వ్రతాలు, ఈయనకి ఏడాది పొడుగునా 'మాయాబజార్'.

బాబాయి లెక్కలో తెలుగువాళ్ళ చరిత్ర 1951లో 'పాతాళభైరవి'తో మొదలై 1962లో 'గుండమ్మ కథ'తో శుభం కార్డు పడింది. మధ్యలో 1955 'మిస్సమ్మ', 1957 'మాయాబజార్'. ఆ తర్వాతదంతా జనం లేచి చెప్పులు వెతుక్కోవడమే! "మరి మీరు పుట్టింది 1964 కదండీ" అంటే, "నా రిలీజు లేటయిందిరా అబ్బాయ్" అంటారు.

వీధిలో అత్తాకోడళ్ళు కేకలేసుకుంటే ఈయన కుర్చీ అరుగు మీదకి జరుగుతుంది. "గయ్యాళి అత్త సూర్యకాంతం గారిది కాకినాడ పక్కన ఊరేరా. మన నీళ్ళలోనే ఉంది" అని మురిసిపోతారు.

మొన్న మాఘంలో కొండ మీద ఓ పెళ్ళికి వెళ్ళాం. బంతిలో కూర్చుని ఎంతసేపైనా లడ్డూ రాలేదు. "'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు గారికైతే లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడ్డాయి. మనకి నడిచైనా రావేంటండీ?" అని వడ్డించే కుర్రాణ్ణి నిలదీశారు. పాపం, ఆ కుర్రాడు రంగారావు గారంటే పెళ్ళికొడుకు మేనమామ అనుకుని, లడ్డూల పళ్ళెం పట్టుకుని ఆయన్ని వెతకడానికి పోయాడు. పందిట్లో డ్రోను ఎగరేస్తున్న ఫొటోగ్రాఫరుకీ అక్షింతలు పడ్డాయి. "కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే లైట్లు పెట్టి వెన్నెల కురిపించాడోయ్. నువ్వు దేవుడిచ్చిన ఎండని కూడా పాడుచేస్తున్నావు!"

2010లో 'మాయాబజార్'కి రంగులేసి విడుదల చేసిన రోజున బాబాయి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "ముసలాయన మీసానికి రంగేసినట్టుంది" అన్నారు. అప్పటికి ఆయన మీసానికి పొద్దున్న పూసిన రంగు ఇంకా తడారలేదు. నేను అటే చూస్తుంటే, "నలుపు రంగు కాదురా, నలుపు ధర్మం" అని సర్దేశారు.

ఈమధ్య కొన్నేళ్ళుగా ఆయన మరీ ఆనందంగా ఉంటూ వచ్చారు. కొండ, గోడలు, చీరలు అన్నీ బూడిదగా కనిపిస్తున్నాయట. లోకానికి బుద్ధొచ్చిందనుకున్నారు. కళ్ళ డాక్టరు చూసి, వచ్చింది బుద్ధి కాదు, శుక్లం అన్నాడు.

ఆపరేషనయ్యాక కట్టు విప్పితే ఎదురుగా పిన్ని.

"ఈ చిలకపచ్చ చీరెప్పుడు కొన్నావే?"

"మూడేళ్ళయిందండీ. బూడిదరంగు హుందాగా ఉంటుందని మీరే కొన్నారు."

వారం రోజులు బాబాయి ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రపంచం మొత్తం ఆయన్ని అడక్కుండా రంగుల్లో మళ్ళీ విడుదలయింది మరి.

పౌర్ణమినాడు రాత్రి కరెంటు పోయింది. అందరం డాబా ఎక్కాం. రత్నగిరి కొండ నల్లగా, పంపా నది నీళ్ళు తెల్లగా, మధ్యలో పిండారబోసినట్టు వెన్నెల. పిన్ని చీర మీది చిలకపచ్చ ఎటు పోయిందో పోయింది. బాబాయి మొహం వెలిగింది.

"చూశావట్రా, దేవుడు కూడా మంచి సీన్లు బ్లాక్ అండ్ వైట్‌లోనే తీస్తాడు." పిన్ని వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఇప్పుడు అచ్చం సావిత్రిలా ఉన్నావే."

"చాల్లెండి. కళ్ళలో చుక్కలేయించుకోకుండా ఇలాగే కూర్చుంటే, ఇంకాసేపట్లో సూర్యకాంతం కనపడుద్ది."

బాబాయి కిక్కురుమనకుండా తల వెనక్కి వాల్చి కళ్ళు పెద్దవి చేశారు.