కోను పడితే రెండు సెకన్లు

మొన్న ఆదివారం అమెరికాలోని మా విచిటా ఊరి బయట ఆటోక్రాస్ జరిగింది. ఒక తెలుగు కుర్రాడు నా మియాటా కారు దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసి, "అంకుల్, దీనికి ట్రాక్షన్ కంట్రోల్ లేదా?" అన్నాడు. ఉంది నాయనా, కుడికాలి బొటనవేల్లో ఉంది అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. మన దగ్గర లైసెన్సుకి పోతే స్కూటరు మీద "ఎనిమిది" వేయిస్తారు చూడండి, ఆ ఎనిమిదిని పాత విమానాశ్రయం సిమెంటు నేల మీద చాంతాడంత సాగదీసి, కారిచ్చి, పక్కన గడియారం పెడితే అదే ఆటోక్రాస్. దారికి గోడలుండవు, నారింజ రంగు కోన్లే హద్దులు. పక్కన ఇంకొకడు రాసుకుపూసుకు రాడు, పోటీ అంతా గడియారంతోనే. చాలావరకు రెండో గేరే. ఒక పరుగు నిమిషం లోపు. రోజంతటికీ నాలుగు పరుగులు. అంటే పొద్దున నాలుగున్నరకి లేచి, సాయంత్రం దాకా ఎండలో మాడి, మనిషి కారు నడిపేది మొత్తం నాలుగు నిమిషాలు. "ఆ నాలుగు నిమిషాలకేనా ఈ ఫ్లాస్కూ పులిహోరా?" అని మా ఆవిడ నలభై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. జవాబు నాకింకా దొరకలేదు.

నేను చదువుకోసం ఈ ఊరొచ్చింది 1978లో. ఉద్యోగం దొరికి నాలుగు డబ్బులు చేతికొచ్చాక, 1983లో ఒక పాత డాట్సన్ 240జెడ్ కొన్నాను. ఆరు సిలిండర్లు, రెండు కార్బరేటర్లు. ఆ రెండూ తోడికోడళ్ల లాంటివి, ఒకటి మాట వింటే రెండోది అలిగేది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బరేటరు మూతి దగ్గర పెట్టుకుని, రెండూ ఒకే శ్రుతిలో బుసకొట్టేదాకా మర తిప్పాలి. పవర్ స్టీరింగ్ లేదు. సోమవారం ఆఫీసులో పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికేది. ఇప్పటి పిల్లలు బానెట్ ఎత్తరు, ఫోన్ ఎత్తుతారు. అందులో బొమ్మలొస్తాయి: ఏ మలుపులో ఎంత వేగం, ఎక్కడ బ్రేకు, ఎక్కడ సెకనులో పదో వంతు పోయింది, అన్నీ రంగు రంగుల గీతలు. పరుగవగానే కారు దిగకుండా ఆ గీతలు చదువుకుంటారు. మేమైతే పొద్దునే ఆ దారిని కాలినడకన మూడుసార్లు తిరిగేవాళ్లం. మలుపు దగ్గర గొంతుక్కూర్చుని, సీట్లో కూర్చుంటే కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు నుంచి కోన్లు చూసేవాళ్లం. ముందున్న కోను కాదు, దాని తర్వాతి తర్వాతిది చూడాలి. రాత్రి పడుకుంటే కళ్లు మూసినా కోన్లే. ఇప్పుడూ నడుస్తారు, ఫోన్‌తో వీడియో తీసుకుంటూ. నడిచింది ఎవరో, చూసింది ఎవరో.

ఇక టైర్ల సంగతి. ఇక్కడ నేను మా కాలాన్ని వెనకేసుకురాను. ఈ ఆట రూల్సు రాసేది స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, 1944లో పుట్టిన సంస్థ. ఏ మార్పూ చేయని మామూలు కార్ల తరగతిని అప్పట్లో స్టాక్ అనేవారు. కారేమో స్టాకు, టైర్లు మాత్రం పందెం టైర్లు! జిగురులాంటి రబ్బరు, ఏడాదికి రెండు జతలు హాంఫట్. వాటిని మోయడానికి డాట్సన్ తర్వాత కొన్న బుల్లి మియాటా వెనకాల ఇంకా బుల్లి ట్రైలర్ కట్టుకుని, మైదానంలో దిగి నాలుగు చక్రాలూ మార్చి, సాయంత్రం మళ్లీ మార్చి ఇంటికి రావడం. వీధిలో వాళ్లు నన్ను మెకానిక్ అనుకునేవారు. 2014లో స్టాక్ తీసేసి స్ట్రీట్ అన్నారు, రోడ్డు మీద తిరిగే టైర్లతోనే ఆడమన్నారు. ఆ రోజు నేను కూడా అందరితోపాటు గొణిగాను. తప్పు నాదే. నా డబ్బూ నడుమూ రెండూ మిగిలాయి.

కానీ ఒకటి మాత్రం ఒప్పుకోను. ఈ ఆటలో పరుగెత్తే కారు సగమే, ఎండలో నిలబడే మనిషి మిగతా సగం. నీ వంతు పరుగులయ్యాక ఇంకో బృందం పరిగెత్తేటప్పుడు నువ్వు ఎర్రజెండా, వాకీటాకీ పట్టుకుని మైదానంలో నిలబడాలి. కోను పడితే ఉరికి నిలబెట్టాలి, తర్వాతి కారు వచ్చేలోగా పక్కకి రావాలి, ఎన్ని పడ్డాయో వాకీటాకీలో చెప్పాలి: ఏమీ పడకపోతే "క్లీన్", ఒకటి పడితే "ప్లస్ వన్". కోనుకి రెండు సెకన్లు జరిమానా. ఈ ఆటలో రెండు సెకన్లంటే పెళ్లిలో తాళిబొట్టు మర్చిపోయినంత. అయితే ప్రతి కోను చుట్టూ సుద్దతో గీత గీసి ఉంటుంది. కోను కదిలినా, నిటారుగా నిలబడి, అంచు ఆ గీతని తాకుతుంటే జరిమానా లేదు. పడిపోతేనో, పూర్తిగా బయటికి పోతేనో జరిమానా. అది తేల్చేది ఆ మనిషి కన్నే.

1994లో ఏడాది చివరి పోటీ. వేర్వేరు రకాల కార్లని ఒక్క త్రాసులో తూచడానికి ఇండెక్స్ అని ఒక లెక్కుంది, నీ టైమును నీ తరగతికిచ్చిన అంకెతో గుణిస్తారు. ఆ లెక్కన క్లబ్బు మొత్తంలో కప్పు నాకో, పాత పోర్షే 944 నడిపే ఒక స్కూలు మాస్టారికో రావాలి. ఆయన పరుగులు పొద్దునే అయిపోయాయి. మధ్యాహ్నం నా ఆఖరి పరుగులో వరస కోన్ల మధ్య పాములా మెలికలు తిరిగే స్లాలమ్‌లో చివరి కోనుని వెనక చక్రం ముద్దు పెట్టుకుంది. అద్దంలో చూశాను, కోను ఊగుతోంది. దాని దగ్గరికి ఉరికింది ఎవరయ్యా అంటే ఆ మాస్టారే. ఆయన నేలమీద బోర్లా పడుకున్నంత పనిచేసి, చెంప సిమెంటుకి ఆనించి చూశాడు. కోను అంచు గీతని పట్టుకుని ఉంది, నూలుపోగంత. లేచి వాకీటాకీలో నా కారు నంబరు చెప్పి, "నలభై ఏడు, క్లీన్" అన్నాడు. ఇండెక్స్ మీద సెకనులో వందకి ఏడు వంతుల తేడాతో కప్పు నాకొచ్చింది. ఆయన ఒక్క ముక్క మార్చి చెప్పి ఉంటే అడిగేవాడు లేడు. ఆ కప్పులో ఇప్పుడు మా ఆవిడ అగరుబత్తీలు పెడుతుంది.

మొన్న నా పక్కన ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టారు. ఇద్దరి తలలూ ఫోన్లలోనే, ఎవరికి ఎంత టైమొచ్చిందో అక్కడికక్కడే కనిపిస్తుందట. మాకైతే సాయంత్రం చెక్క మీద కాగితం అంటించేదాకా తెలిసేది కాదు. కోను దొర్లింది. ఇద్దరూ కదల్లేదు. డెబ్బై ఏళ్ల మోకాళ్లతో నేను ఉరికాను. "సారీ, చూసుకోలేదు" అన్నారు. దేన్ని చూడటానికి నిలబెట్టారో దాన్నే! అప్పట్లో పదిహేను డాలర్లకి దొరికిన ఎండ ఇప్పుడు డెబ్బై పెట్టి కొంటున్నారు, దాన్నైనా చక్కగా అనుభవించరు.

ఆ ట్రాక్షన్ కంట్రోల్ కుర్రాడిది నాలుగు తలుపుల ఎలక్ట్రిక్ కారు. వెనక సీట్లోంచి పిల్లాడి కుర్చీ ఊడదీసి గడ్డిలో పెట్టి పరిగెత్తాడు. నా 1990 మియాటాది 116 గుర్రాల బలం, బరువు వాడి కారులో సగమైనా ఉందో లేదో. అయినా నా టైము మీద మూడు సెకన్లు తీసేశాడు. ఒక పరుగుకి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకునే ఎక్కాను. ఇంజను మోత లేకపోయేసరికి టైర్ల మాట వినిపించింది. ఎక్కడ పట్టు జారబోతోందో, ఎక్కడ దొరికిందో అంత స్పష్టంగా ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. వాడి చేతులు కూడా నెమ్మదిగా ఉన్నాయి, అది యంత్రం నేర్పేది కాదు. ఈ మాట వాడికి చెప్పలేదు.

వాడి ఆఖరి పరుగు నా జెండా ముందు నుంచే పోయింది. కోను జరిగింది, పడలేదు. నేనూ వంగి, చెంప నేలకి ఆనించి చూశాను. నడుము పట్టేసింది. సాయంత్రం వాడొచ్చి, "అంకుల్, నా వీడియోలో ఆ కోను గీత మీదే ఉన్నట్టుంది" అన్నాడు.

గీతకి బెత్తెడు బయట ఉంది బాబూ. ప్లస్ వన్.