నురుగు పద్యం: టీకా తాత్పర్యాలు

ఆ.వె.
బోర్డు పెద్దదైన పోవలదచటికి
మూల తాతలుండ మురిసి చొరుము
నురుగు పైకి తేల నూటిరువదిలెక్క
పెట్టి యొకటె తాగు బీదవాడ!

అవతారిక: ఈ ఆటవెలది తాళపత్రాల్లో దొరికింది కాదు. డబ్లిన్‌లో ఒక పబ్బు బల్ల మీద, గ్లాసు కింద వేసే అట్ట మీద దొరికింది. కర్త ఎవరో తెలియదు. మాస్టర్స్ చదవడానికొచ్చిన తెలుగువాడని మాత్రం సంబోధన పట్టిస్తోంది. స్టాంప్ 2 అనే విద్యార్థి అనుమతి మీద బతుకుతూ, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడని జీవి తన్ను తానే పిలుచుకుంటున్నాడు. శతకకారులు మకుటం పెట్టే చోట వీడు బ్యాంకు బాలెన్సు పెట్టాడు.

ప్రతిపదార్థం: బోర్డు = పచ్చ దీపాలు, మూడాకుల షామ్‌రాక్ బొమ్మలు, ‘అసలైన’ అను విశేషణము గల పలక; పెద్దది + ఐన = వీధి మలుపునుండియే కనబడినచో; అచటికి = ఆ తావునకు; పోవలదు = పోరాదు; మూల = గది మూలను; తాతలు + ఉండ = ఒకరితో ఒకరు మాటాడకయే కలిసి కూర్చున్న వృద్ధులు ఉండగా; మురిసి = సంతసించి; చొరుము = తలుపు మెల్లగా తోసి ప్రవేశింపుము; నురుగు = మీగడవంటి తెల్లని పొర; పైకి తేల = గ్లాసు అంచునకు చేరువరకు; నూటిరువది లెక్కపెట్టి = 120 అంకెలు మనసున గణించి; ఒకటె = ఒక్క పింటును, అనగా 568 మిల్లీలీటర్లను మాత్రమే; తాగు = తాగుము; బీదవాడ = ఓ విద్యార్థీ!

తాత్పర్యం: హడావుడి ఉన్నచోట జేబు ఖాళీ అవుతుంది. నిశ్శబ్దం ఉన్నచోట సాయంకాలం నిండుతుంది.

విశేషాలు: ‘బోర్డు పెద్దదైన’ అనడంలో కవి కన్ను టెంపుల్ బార్ మీద ఉందని పూర్వ వ్యాఖ్యాత (నా రూమ్మేటు, నాకంటే రెండు సెమిస్టర్లు ప్రాచీనుడు) అభిప్రాయం. అక్కడ పింటు పది యూరోలకు అటూ ఇటూ. ఆ పేట పేరులోని టెంపుల్ ఒక కుటుంబం ఇంటిపేరు, గుడికీ దానికీ సంబంధం లేదు. మొదటి శనివారం నేను ఫోన్‌లో “టెంపుల్ బార్‌కి వెళ్తున్నానమ్మా” అంటే మా అమ్మ ‘బార్’ అన్న మాట వినిపించుకోలేదు. “మంచిది నాన్నా, అర్చన చేయించు” అంది. చేయించాను, పదకొండు యూరోలైంది.

ఇక్కడ పూర్వపక్షం: బ్రేజెన్ హెడ్ పబ్బు పెద్దగానే రాసుకుంటుంది కదా, 1198 నుంచి ఉన్నామని? నిజమే. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1754 నాటిది. మిగిలిన ఐదున్నర శతాబ్దాలూ స్థలపురాణం. స్థలపురాణాన్ని తర్కించకూడదు, తీర్థం పుచ్చుకుని రావాలి.

‘మూల తాతలుండ’ అన్నచోట ‘మూల తీగలుండ’ అని పాఠాంతరం. తాతలంటే గ్లాస్‌నెవిన్ శ్మశానం గోడ పక్కనున్న కావనాస్ గుర్తొస్తుంది. 1833 నాటిది, కాటికాపరుల పబ్బని వాడుక పేరు. అందులో పాటా ఉండదు, టీవీ ఉండదు. తీగలంటే స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్బు. దాని చుట్టూ, పైనా హోటల్ కడతామంటే జనం వాయిద్యాలు పట్టుకుని వీధికెక్కారు. 2021 నవంబరులో నగరపాలక మండలి అనుమతి ఇవ్వలేదు. రెండు పాఠాలూ గ్రాహ్యాలే. నా ఓటు తీగలకు.

ఎందుకంటే అక్కడి సంగీత సెషన్‌కు వేదిక లేదు, మైకు లేదు. ఒక బల్ల చుట్టూ ఫిడేలు, ఫ్లూటు, చంకలో తిత్తి నొక్కి పలికించే ఇలియన్ పైప్స్. మూలనున్న కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది, దాని మీద ఫిడేలు పెట్టె ఉంటుంది. ఆ కుర్చీ ఖాళీ కాదు. పెళ్లి భోజనాల్లో చేతిరుమాలు వేసిన విస్తరి లాంటిది. ఒక వరుస రెండు మూడు సార్లు తిరిగి, ఆగకుండా ఇంకో వరుసలోకి జారుతుంది. కొత్తవాడు ఆ జారే చోటే చప్పట్లు కొడతాడు. నేనూ కొట్టాను. ఎవరూ ఏమీ అనలేదు; ఒక్క ముసలాయన మాత్రం, కచేరీలో తాళం తప్పినవాణ్ని మామయ్యలు చూసే చూపు చూశాడు. ఎవరైనా కళ్లు మూసుకుని వాయిద్యం లేకుండా పాట ఎత్తుకుంటే మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడు కూడా అపచారమే.

ఇక ‘నూటిరువది’. కవి పానీయం పేరు చెప్పలేదు, నురుగు చెప్పి నల్ల బీరును ధ్వనింపజేశాడు. పోసే మనిషి గ్లాసును ఏటవాలుగా వంచి, ముప్పాతిక నింపి, పక్కన పెట్టేసి వెళ్లిపోతుంది. అది నీకు ఇచ్చినట్టు కాదు. గ్లాసులో ఇంకా మట్టిరంగు వరద. నైట్రోజన్ బుడగలు గోడల వెంట కిందికి, నడుమ పైకి. మెల్లగా అడుగునుంచి నలుపు తేరుకుంటుంది. అప్పుడొచ్చి మిగతా పావు పోస్తుంది. మొదటిసారి ఆ మధ్యలోనే చెయ్యి చాచాను. ఆవిడ మాట్లాడలేదు, గ్లాసును జానెడు వెనక్కి జరిపింది. ఫిల్టరులో డికాక్షన్ దిగేదాకా మూత తీయనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ని, తెలియకపోవడమేమిటి! ఆ బీరు కంపెనీ ప్రచారం ప్రకారం పోయడం మొదలు ముగింపు దాకా మొత్తం 119.5 సెకన్లు. కవి గణం కోసం అర సెకను కలిపాడు, నిరంకుశుడు. (శాకాహారులకు: దీన్ని తేర్చడానికి పూర్వం చేప తిత్తి వాడేవారు, గత దశాబ్దంలో మానేశారు. అమ్మకు ఆ సంగతి కూడా చెప్పనక్కర్లేదు.)

‘ఒకటె’ అన్నది పద్యానికంతటికీ ప్రాణం. ఐదుగురు కూర్చుంటే ఒక్కొక్కడు అందరికీ కొనాలి, దాన్ని రౌండ్ అంటారు. ఒకడు కొన్నది తాగావంటే నువ్వూ కొనాలి. చదివింపుల పుస్తకంలో లెక్కలాగే, రాయకపోయినా అందరికీ గుర్తుంటుంది. కాబట్టి కూర్చోకముందే “నాది నేను తెచ్చుకుంటా” అనేయాలి. చులకన చేయరు. మధ్యలో అంటేనే చేస్తారు. ఒక్క గ్లాసుతో మూడు గంటలు కూర్చున్నా లేవమన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

నైట్‌లైఫ్ మాటేమిటని కొందరి శంక. మామూలు పబ్బులు వారం మధ్యలో రాత్రి 11:30కు, శుక్ర శనివారాల్లో 12:30కు పోయడం ఆపుతాయి. ఆపైన తాగి ముగించడానికి అరగంట. క్లబ్బుల సంగతి కవి ఎత్తలేదు, టికెట్టు కొనలేదని ఊహ.

అట్ట రెండో వైపు ఇంకో పద్యం మొదలైంది. గ్లాసు చెమ్మకు సగం చెదిరింది. ‘చివరి ట్రాము’ అన్న రెండు మాటలు మిగిలాయి, ఆ తర్వాత పెన్ను గీత తలుపు వైపు పోయింది.