పదిహేడక్షరాల ఇంటిపేరు: సటీకా తాత్పర్యం

మూలం:
ఫెదర్‌స్టన్‌హా యను లేఖనంబు ఫ్యాన్‌షా యని పలుకంబడు నొకానొకచోఁ బలుకంబడదు.

అవతారిక: ఈ సూత్రం ఏ వ్యాకరణంలోనూ లేదు. వ్యాఖ్యాత తన అవసరం కొద్దీ తానే కట్టుకున్నాడు. ముందు వ్యాఖ్య రాయాలన్న దురద పుట్టడం, ఆ తరవాత మూలం కోసం వెతుక్కోవడం పండితులకు కొత్తేమీ కాదు. ఇందులో విషయం ఇంగ్లండులోని ఒక అరుదైన ఇంటిపేరు. రోమన్ లిపిలో దాని నిండు రూపం రాస్తే పదిహేడు అక్షరాలు. కొందరి నోట అది రెండు ముక్కల్లో అయిపోతుంది. మిగతా అక్షరాలు ఏమైనట్టు అన్న ప్రశ్నే ఈ గ్రంథానికి ప్రయోజనం.

వ్యాఖ్యాతల్లో చక్రవర్తి కోలాచల మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ రెండు నియమాలు పెట్టుకున్నాడు. మొదటిదానికి మేమూ కట్టుబడి ఉంటాం. రెండోదానికి కట్టుబడితే ఈ టీక ఇక్కడే ముగించాలి. ఆయన ఇంటిపేరు కూడా మెదక్ దగ్గరి కొల్చారం అనే ఊరి నుంచి వచ్చిందే. ఊరు విడిచినా ఊరి పేరు మనిషిని విడవదనడానికి ఆ ఒక్క సాక్ష్యం చాలు. ఇక నార్తంబర్లాండ్‌కు పోదాం.

ప్రతిపదార్థం: ఫెదర్ = ఈక అని తొందరపడవద్దు. ఈ పేరు చూసిన ప్రతివాడూ మొదట ఈకే అంటాడు. ఈనాటి ఇంగ్లిషులో దాని అర్థం అదే కాబట్టి తప్పు వాడిది కాదు. కానీ స్థలనామాల పండితులు ఇక్కడున్నది ‘నాలుగు’ అనే అర్థంలో పాత ఇంగ్లిషు సమాసాల్లో కనిపించే రూపమని తేల్చారు. అది మన ‘చతుర్’ శబ్దానికి దూరపు దాయాదే. స్టన్ = రాయి. రెండూ కలిపితే నాలుగు రాళ్లు: నిలబెట్టిన మూడు బండలు, వాటి మీద కప్పుగా ఒకటి. చరిత్రకు ముందటి మనుషులు తమవారిని పాతిపెట్టిన చోట ఇలాంటి కట్టడాలు లేపేవారు. హా = ఏటి ఒడ్డున ఒండ్రు పేరుకున్న చదును నేల. ఉత్తరాదివారు దీన్నే ‘హాఫ్’ అనీ పలుకుతారు. వెరసి చతుశ్శిలాతీరం. ఆ ఇంటిపేరు గలవాడు చతుశ్శిలాతీరవాసి. ఇలా సంస్కృతీకరించాక ఆ మనిషి మనకు కాస్త దగ్గరివాడిలా అనిపిస్తున్నాడు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. “అయ్యా, ఈకకు ఈక, తోకకు తోక పీకుతున్నారు. ఈక కాదన్నారు, సరే. తోక మాటేమిటి? ఫెదర్‌స్టన్ అంటే చాలదా, వెనక ఆ ‘హా’ ఎందుకు?”

సమాధానం: చాలదు. యార్క్‌షైర్‌లో పాంటిఫ్రాక్ట్ దగ్గర ఒక ఫెదర్‌స్టన్ ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో వుల్వర్‌హాంప్టన్ దగ్గర ఇంకొకటి. రెంటికీ 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో చోటు దొరికింది. విలియం రాజు పన్నుల కోసం చేయించిన ఆ లెక్కల్లో నార్తంబర్లాండ్‌ను చేర్చనే లేదు కాబట్టి మన ఫెదర్‌స్టన్ అందులో వెతికినా దొరకదు. ఇలా మూడు చోట్ల ఒకే పేరు ఉన్నప్పుడు ఏటి ఒడ్డు ఊరివాణ్ని వేరు చేసి చూపేది ఆ తోకే. తోక లేని ఫెదర్‌స్టన్లు నేటికీ బోలెడుమంది. వాళ్లలో ఎవరు ఏ ఊరి సంతతో పేరు చూసి చెప్పలేం. తోక ఉన్నవాళ్లు తక్కువ. వాళ్ల మూలం ఒక్కటే: హాల్ట్‌విజిల్ పట్టణానికి నైరుతిగా, దక్షిణ టైన్ నది పక్కన, నేటికీ ఫెదర్‌స్టన్ కోట నిలిచి ఉన్న నేల.

పాఠాంతరాలు: లేఖనంలో ఒక ‘ఇ’ తీసేస్తే పదహారక్షరాలు, మొదట ఉన్న ‘ఎ’ కూడా తీసేస్తే పదిహేను. ఒకే వంశవృక్షంలో మూడూ కనిపిస్తాయి. ఉచ్చారణలో మాత్రం ఇంతటి క్రమశిక్షణ కూడా లేదు. నిఘంటువులు ఫెదర్‌స్టన్‌హా, ఫెస్టన్‌హా, ఫీర్‌స్టన్‌హా, ఫీసన్‌హే, ఫ్యాన్‌షా అని అన్నిటినీ వరసగా పెట్టి చేతులు దులుపుకున్నాయి. వ్యాకర్త చిన్నయసూరి బతికి ఉంటే దీన్ని ‘బహుళం’ అని ఒక్క మాటలో తేల్చి ముందుకు పోయేవాడు. చమ్లీ అని పలికే చోల్మొండెలీ లాంటి పేర్లు అక్కడ ఇంకా ఉన్నాయి. వాటి జోలికి పోతే ఈ టీకకు సంపుటాలు కావాలి.

ఇంకో చిక్కు. ఫ్యాన్‌షా అనే పేరు వేరే సొంతదారుకు ఎప్పటి నుంచో ఉంది. డార్బీషైర్‌లో ఫ్యాన్‌షా గేట్ అన్న చోటి నుంచి వచ్చిన కుటుంబం అది. పోర్చుగీసు మహాకవి కమోయిష్ కావ్యాన్ని 1655లో ఇంగ్లిషులోకి తెచ్చిన సర్ రిచర్డ్ ఫ్యాన్‌షా ఆ వంశంవాడే. వాళ్లు రాసిందే పలుకుతారు, పలికిందే రాస్తారు. అంచేత విందులో ‘మిస్టర్ ఫ్యాన్‌షా వచ్చారు’ అని ఎవరైనా కేకేస్తే, లోపలికి అడుగుపెట్టేది డార్బీషైరో నార్తంబర్లాండో చీటీ అడిగితే తప్ప తెలియదు. మా మట్టుకు మాకు తోచే నియమం ఇది: ఎవరి పేరు వారెలా పలికితే అదే సాధువు. చదివినవాడి తెలివి ఇక్కడ ప్రమాణం కాదు.

ప్రక్షిప్త విచారం: ఈ భాగం రాయడం కోసమే ఈ టీక మొదలుపెట్టామంటే అబద్ధం కాదు. 1530 అక్టోబరులో ఫెదర్‌స్టన్‌హా వంశపు పెద్దమనిషి ఒకణ్ని పొరుగునున్న రిడ్లీ వంశంవారు చంపేశారు. సరిహద్దు సీమలో ఇలాంటి కక్షలు ఏటా పండే పంటలే. దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాక డరమ్ చరిత్రకారుడు రాబర్ట్ సర్టీస్ ఆ హత్య మీద ఒక పాత పల్లెపాట దొరికిందన్నాడు. ఆల్‌స్టన్ మూర్‌లో ఎనభై ఏళ్ల ముసలమ్మ నోట విన్నదని చెప్పి దాన్ని వాల్టర్ స్కాట్‌కు పంపాడు. స్కాట్ మురిసిపోయాడు. 1808లో వచ్చిన తన ‘మార్మియన్’ కావ్యంలో ఆ పాటను తలచుకోవడమే కాక, వెనక టిప్పణుల్లో పాటంతా అచ్చు వేసి చారిత్రక వివరాలు జోడించాడు.

పాట రాసింది సర్టీసే. ముసలమ్మ లేదు, పల్లె గొంతుకా లేదు. స్కాట్ 1832లో కన్నుమూసేదాకా ఈ సంగతి ఆయనకు తెలియలేదు. సర్టీస్ నోరు విప్పలేదు. స్నేహితుడిలా ఉంటూ ఇంతకాలం ఆ గుట్టు దాచడాన్ని నీతిశాస్త్రం ఏమంటుందో గానీ, వ్యాఖ్యానశాస్త్రం మాత్రం దణ్ణం పెడుతుంది. నిన్న మొన్నటి కల్పనకు ఒక మహాపండితుడు శ్రద్ధగా టిప్పణి రాశాడు. హత్య మాత్రం నిజమే జరిగింది. ఫెదర్‌స్టన్‌హా అన్న పేరు లక్షలమంది పాఠకుల చెవిన పడడానికి ఆ దొంగ పాట చేసినంత సాయం అసలు వంశంవారు ఎవరూ చేయలేదేమో. పేరు పొడుగు కావడం దొంగకు కలిసొచ్చిందని మా ఊహ. అంత పొడుగు పేరుతో ఎవరైనా పాట కల్పిస్తారని ఎవరు అనుమానిస్తారు?

అన్వయం: ఇక పేరు వ్యాపించిన తీరు. పేరుకు కాళ్లు రెండు: ఒకటి రక్తం, రెండోది వీలునామా. రక్తం నడిపించిన దారి చిన్నదే. పక్కనున్న కంబర్లాండ్‌లో కర్క్ ఆస్వాల్డ్ శాఖ స్థిరపడింది. అందులోని సర్ తిమోతీ, రాజు పక్షాన కత్తి పట్టి 1651లో చెస్టర్‌లో తల పోగొట్టుకున్నాడు. ఇంకో పాయ ఐర్లండుకు పోయింది. లాంగ్‌ఫర్డ్ జిల్లా ఆర్డాలో వాళ్ల బంగళాను కుర్రవాడైన ఆలివర్ గోల్డ్‌స్మిత్ పూటకూళ్ల ఇల్లనుకుని దర్జాగా భోజనం తెమ్మన్నాడనీ, 1773లో వచ్చిన ఆయన నాటకానికి ఆ అల్లరే విత్తనమనీ చెబుతారు. అక్కడి వాళ్లు అప్పటికే తోక కత్తిరించుకుని ఫెదర్‌స్టన్‌లయ్యారు.

వీలునామా నడిపించిన దారి చూడండి. 1746లో ఎసెక్స్‌కు చెందిన సర్ హెన్రీ ఫెదర్‌స్టన్ అనే సంతానం లేని ధనికుడు, దూరపు బంధువని చెప్పుకునే ఉత్తరాది మాథ్యూ ఫెదర్‌స్టన్‌హాకు నాలుగు లక్షల పౌండ్లదాకా ఆస్తి రాసిపోయాడు. బిరుదు సంపాదించాలి, దక్షిణాన ఎస్టేటు కొనాలి అన్నది అందులోని మెలిక. మాథ్యూ మరుసటి ఏడే రెండూ చేశాడు. సస్సెక్స్‌లో అప్‌పార్క్ భవనం కొన్నాడు. టైన్ నది ఒడ్డు పేరు ఇలా ఇంగ్లిష్ చానల్ దగ్గరికి దిగింది.

మాథ్యూ కొడుకు సర్ హ్యారీ యవ్వనంలో చేసిన సరదాలు అనేకం. తరవాత లేడీ హామిల్టన్‌గా లోకమెరిగిన ఎమ్మా కొన్నాళ్లు ఆ ఇంట్లో ఉంది. ఆ సంగతి వేరే వ్యాఖ్యాతలకు వదిలేద్దాం. మనకు కావలసింది 1825. డెబ్బై దాటిన హ్యారీ, తన ఎస్టేటులో పాలు కాచి వెన్న తీసే పనిపిల్ల మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్లాడాడు. 1846లో తొంభై దాటి పోయాడు. ఆ పెళ్లికి పిల్లలు లేరు. ఆస్తీ, పేరూ ఆమెకు. ఆమె తరవాత ఆమె చెల్లెలు ఫ్రాన్సెస్‌కు. పెళ్లి కాని ఆ చెల్లెలు కూడా ఫెదర్‌స్టన్‌హా అయిపోయింది. 1880లో ఆమె దగ్గర ఇంటి పెత్తనం చూసే కొలువులో చేరిన సారా, కథకుడు హెచ్.జి.వెల్స్ కన్నతల్లి. వెల్స్ కుర్రతనంలో కాలక్షేపానికి వెదికిన పుస్తకాలు ఆ ఇంటివే. ఫ్రాన్సెస్ తరవాత ఆస్తి టర్నర్ అనే కుటుంబపు కర్నలుకు వెళ్లింది. ఆయనా పేరు చేర్చుకున్నాడు. ఆయన తరవాత మీడ్ అనే నౌకాదళాధికారికి. ఆయన మీడ్-ఫెదర్‌స్టన్‌హా అయ్యాడు.

పూర్వపక్షి మళ్లీ: “అంటే ఫెదర్‌స్టన్‌హా అన్న పేరు ఉన్న ఇంట్లో ఫెదర్‌స్టన్‌హా రక్తం ఒక్క బొట్టూ లేదా?” లేదు. హ్యారీతోనే అక్కడ అది ఆగిపోయింది. మన దేశంలో దత్తపుత్రుడికి చెప్పే ధర్మమే అక్కడ పాలపిల్ల చెల్లెలికీ కర్నలుకూ వర్తించింది. ఇల్లు ఎవరిదైతే ఇంటిపేరు వారిది. మనవాళ్లు దీన్ని ‘ఇంటిపేరు’ అన్నది ఎంత సరైన మాటో అప్‌పార్క్‌వారు ఋజువు చేశారు.

ఈ చిక్కు లీసెస్టర్ విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రజ్ఞులకు తగలకపోలేదు. 2009లో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ నలభై ఇంటిపేర్లు ఎంచుకుని, ఆ పేర్లున్న 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోములు చూశారు. స్మిత్ లాంటి సాధారణ పేర్లలో ఎవరికి ఎవరూ చుట్టాలు కారు. పేరు ఎంత అరుదైతే వాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతానం కావడానికి అంత అవకాశం. ఫెదర్‌స్టన్‌హా వాళ్ల జాబితాలో లేదు గానీ, నియమం ఈ పేరుకూ పొసగాలి. అయితే ఏ కాలాన, ఏ వీలునామాలో, ఎవరు ఈ పేరు ఎత్తుకున్నారో తెలియకుండా పరీక్షకు కూర్చోబెడితే టర్నర్ల క్రోమోజోమే ఫెదర్‌స్టన్‌హా పేరిట సాక్ష్యం చెప్పి పోతుంది.

సముద్రాల అవతల సంగతి క్లుప్తంగా. న్యూజిలాండ్‌లో వెలింగ్టన్ రాష్ట్రానికి అధిపతిగా పనిచేసిన ఐజక్ ఫెదర్‌స్టన్, న్యూకాజిల్‌లో పుట్టినవాడు. ఆయన గౌరవార్థం వైరరాపాలో ఒక ఊరికి ఆ పేరు పెట్టారు. ఊరి పేరు మనిషికి వచ్చి, మనిషి పేరు మళ్లీ ఊరికి వెళ్లింది. ఆస్ట్రేలియాలో ఐరిష్ పాయకు చెందిన కత్‌బర్ట్ ఫెదర్‌స్టన్‌హా పాదిరీగానూ పశువుల ఎస్టేటు దొరగానూ బతికి 1917లో ఆత్మకథ అచ్చు వేశాడు. కెనడాలో ఫ్రెడరిక్ ఫెదర్‌స్టన్‌హా పేటెంట్ల లాయరు. 1893లో టొరంటో ప్రదర్శనలో ఆయన కారు విద్యుత్తుతో నడిచింది. దానికి చరిత్రకారులు ఆయన పేరే పెట్టారు, పూర్తి అక్షరాలతో.

ఉదాహరణ ప్రకరణం: అమెరికాకు వెళ్లిన జార్జ్ విలియం ఫెదర్‌స్టన్‌హా లండనులో పుట్టాడు, స్కార్‌బరోలో పెరిగాడు. న్యూయార్క్ రాష్ట్రంలో మోహాక్ అండ్ హడ్సన్ రైలుమార్గానికి బీజం వేశాడు. 1834లో అమెరికా ప్రభుత్వం నియమించిన మొట్టమొదటి భూగర్భశాస్త్రజ్ఞుడయ్యాడు. నది ఒడ్డు నేల పేరు మోసుకునేవాడికి ఇది తగిన కొలువే. పెద్దవయసులో ఫ్రాన్సు తీరాన లె హావ్ర్‌లో బ్రిటన్ కాన్సులుగా ఉన్నాడు.

1848 ఫిబ్రవరిలో పారిస్‌లో తిరుగుబాటు వచ్చింది. రాజు లూయీ ఫిలిప్ సింహాసనం వదులుకుని, బుగ్గమీసాలు తీయించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తీరానికి చేరాడు. కాన్సులుగారికి ఆయన్ను ఓడ ఎక్కించే పని పడింది. చుట్టూ కొత్త ప్రభుత్వపు మనుషులు. కాన్సులు ఎదురెళ్లి చేయి కలిపి, నలుగురికీ వినపడేలా ఆయన్ను తన మామయ్యను చేసేశాడు. పెట్టిన పేరు స్మిత్.

టిప్పణి: ఇంగ్లండులో నోరు తిరగని ఇంటిపేరు గలవాడు, ఫ్రెంచి రాజుకు ఇంగ్లండులోకెల్లా చవక పేరు ఎరువిచ్చాడు. తన పేరే ఇచ్చి ఉంటే? రాజు దాన్ని ఏ పాఠాంతరంలో పలికినా ఓడ దగ్గరే పట్టుబడేవాడు. ఓడ రాత్రికి రాత్రే బయలుదేరింది. మార్చి 3న రాజు న్యూహావెన్‌లో దిగి బ్రిడ్జి సత్రంలో బస చేశాడు. అక్కడా స్మిత్ పేరుతోనే. స్మిత్‌ను ఎలా రాయాలని ఏ గుమాస్తా అడగడు.