బతికే ఉన్నారా?

కేంద్ర పింఛనుదారులు తాము పోలేదని ఏటా నవంబరులో సర్కారుకు రుజువు చూపాలి. ఎనభై దాటినవారికి అక్టోబరు నుంచే తలుపులు తెరుస్తారు. వాళ్ల మీద ఏలినవారికి అంత నమ్మకం!

2014లో ఈ రుజువును డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలన్నారు. జీవితమంతా ఫైళ్లు తిప్పి అరిగిన వేళ్లకు గీతలెక్కడివి? 2021లో ముఖం చూపితే చాలన్నారు. కళ్లు ఆర్పమంటుంది ఫోను. శుక్లాల ఆపరేషనైన పెద్దాయన తేరుకుని ఆర్పేసరికి సమయం అయిపోయిందంటుంది. చివరికి కౌంటరే దిక్కు.

"సర్వర్ డౌనండీ."

"ఎదురుగా నిలబడ్డాను కదా బాబూ?"

"నాకు కనిపిస్తే చాలదు మాస్టారూ, సిస్టమ్‌కు కనిపించాలి."

పోనీ, పోయాక సుఖమా? మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవాలి. బతికున్నాడని ఒప్పుకోవడానికి అంత సతాయించినవాళ్లు, పోయాడంటే మాత్రం ఊరికే నమ్ముతారా? రికార్డుల్లోంచి తండ్రి పేరు తీయించడానికి వెళ్లిన కొడుకుతో గుమాస్తా తాపీగా అన్నాడట:

"మీ నాన్నగారి ఫోనుకు ఓటీపీ వెళ్లింది. ఆయన్నడిగి చెప్పండి."