లిఫ్టు నోటీసు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

హైదరాబాదులో ఒక అయిదంతస్తుల అపార్టుమెంటు. 2020 వేసవిలో, కరోనా రోజుల్లో, అక్కడ లిఫ్టు పక్క గోడ మీద, ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగు మూలలా టేపు వేసిన కాగితం ఒకటి వెలసింది. కర్త పేరు లేదు. అడుగున ‘ఇట్లు, కమిటీ’ అని ఉంది. పురాణాల్లాగే ఇదీ ఒక చేతి రాత కాదనీ, సెక్రటరీ రాసినదాన్ని ట్రెజరర్ పెంచాడనీ, నాలుగో వాక్యం ఎవరో అత్తగారితో పడనివారు చేర్చిన ప్రక్షిప్తమనీ పండితుల ఊహ.

కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టి మరీ వ్యాఖ్యలకు దిగాడు. ఆయనకు దొరికిన మూలం కాళిదాసుది కాబట్టి చెల్లింది. కమిటీవారి మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. అందుచేత ఆ ప్రతిన జోలికి నేను పోవడం లేదు.

మూలం

“గమనిక. మాస్కు లేనిదే ప్రవేశం లేదు. లిఫ్టు బటన్లు వేలితో నొక్కరాదు. పనివారు, డెలివరీ బాయ్స్ మెట్లు మాత్రమే వాడవలెను. బంధుమిత్రులను గేటు వద్దనే పలకరించవలెను. తదుపరి ఉత్తర్వుల వరకు ఈ నిబంధనలు అమలులో ఉండును. ఇట్లు, కమిటీ.”

ఛందస్సు

వచనం. ‘వలెను’, ‘ఉండును’ అన్న రూపాలను బట్టి నన్నయ కాలానిదని భ్రమపడరాదు. గిడుగువారి వాడుక భాషా ఉద్యమం ఇంకా చేరని చోట్లు తెలుగునాట కొన్ని ఉన్నాయి. శంకుస్థాపన ఫలకాలు, అపార్టుమెంటు నోటీసులు వాటిలో ముఖ్యమైనవి.

టీక

మాస్కు = ముక్కునూ నోటినీ కప్పే వస్త్రం. ఇది శాస్త్రార్థం. వాడుకలో గడ్డాన్ని కప్పేది. తెలంగాణలో ఇది లేనివారికి వెయ్యి రూపాయల జరిమానా ఉండేది కనక, పోలీసు కనబడగానే గడ్డం నుంచి ముక్కుకు ఎగబాకే గుణం దీనికి అబ్బింది. అప్పట్లో హోటల్లో గుమ్మం నుంచి బల్ల దాకా తప్పనిసరి. బల్ల దగ్గర కూర్చుని గంటసేపు నోరు తెరిచి మాట్లాడుతూ తింటే దోషం లేదు. రోగం నిలబడ్డ మనిషికే సోకుతుందనీ, కూర్చున్నవాణ్ణి చూసి ఊరుకుంటుందనీ ఇందులో గూఢార్థం.

శంక: కారులో అద్దాలు బిగించుకుని ఒంటరిగా పోయేవాడి సంగతేమిటి? సమాధానం: 2021 ఏప్రిల్ 7న ఢిల్లీ హైకోర్టు, ఆ కారు కూడా బహిరంగ స్థలమేననీ అతడూ మాస్కు పెట్టుకోవలసిందేననీ తీర్పు చెప్పింది. మరుసటి ఫిబ్రవరిలో అదే హైకోర్టులో వేరే ధర్మాసనం, ఇంత అసంబద్ధమైన ఉత్తర్వు ఇంకా ఎందుకుందని ఢిల్లీ ప్రభుత్వాన్ని అడిగింది. ఆ తర్వాత గాని ఒంటరి డ్రైవరుకు విముక్తి కలగలేదు. ఒకే గుడిలో పూర్వపక్షం ఒక ఏడు, సిద్ధాంతం మరో ఏడు. వ్యాఖ్యాతలకు ఇంతకంటే పండుగేముంది!

వేలితో నొక్కరాదు = మరి దేనితో నొక్కాలో మూలం చెప్పలేదు. సంప్రదాయాన్ని బట్టి తెలుసుకోవాలి. థర్మోకోల్ ముక్కకు గుచ్చిన పళ్లపుల్లలతో అని ఒక శాఖ, ఇంటి తాళంచెవితో అని మరొకటి. మోచేతి సంప్రదాయం వారు ఒకేసారి రెండు, మూడు అంతస్తులు నొక్కేవారు.

పరికించవలసినది ఒకటుంది. వస్తువులను తాకడం వల్ల సోకే ప్రమాదం చాలా తక్కువనీ, సాధారణంగా పదివేలలో ఒక వంతుకు లోపేననీ అమెరికా సీడీసీ 2021 ఏప్రిల్‌కే తేల్చింది. సోకేది ప్రధానంగా గాలి ద్వారా. అంటే చూడవలసింది లిఫ్టులో పాడైన ఫ్యానును. పుల్లలు మాత్రం వారం వారం కొత్తవి వచ్చాయి, ఫ్యాను తిరగలేదు. పుల్ల గుచ్చితే ఏదో చేస్తున్నట్టు పదిమందికీ కనబడుతుంది. గాలి ఎవరికి కనబడుతుంది?

పనివారు, డెలివరీ బాయ్స్ మెట్లు మాత్రమే వాడవలెను = ఈ సూత్రానికి జీవగర్ర ఈ వాక్యమే. మిగతావన్నీ దీనికి పరివారం.

పూర్వపక్షాన్ని అయిదో అంతస్తులో గిన్నెలు తోమే ఆమె లేవదీసింది: “లిఫ్టుల మీ కుక్క వోతది. నేను వోతె రోగమొస్తదా సారూ? నీ ఇంట్ల వంటింట్ల దాంక రావొచ్చు గాని, లిఫ్టెక్కొద్దా?” ఈ తర్కాన్ని ఖండించిన వ్యాఖ్య ఇంతవరకూ నా కంటబడలేదు. ఇంట్లోకి రానిచ్చిన మనిషిని లిఫ్టులోకి రానివ్వకపోతే ఆగే వైరస్ ఏదీ వైద్యశాస్త్రానికి తెలియదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను భుజాన మోసుకుని అయిదంతస్తులు ఎక్కి, గుమ్మం ముందు రొప్పే కుర్రవాడు లిఫ్టులో అర నిమిషం నిలబడ్డవాడి కంటే గాలిని ఎక్కువ వదులుతాడు కూడా. కమిటీవారు విమానంలో వచ్చిన తమ పిల్లలను మెట్లెక్కించినట్టు ఎక్కడా దాఖలా లేదు. భారతదేశానికి ఈ రోగం మొదట వచ్చింది విమానాల్లోనే.

బంధుమిత్రులను గేటు వద్దనే = కేంద్రం పెళ్లికి యాభైమంది, అంత్యక్రియలకు ఇరవైమంది అని లెక్క కట్టిన రోజులవి. ఎన్నికల సభలకు లెక్క దొరకలేదు. నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగు 2021 ఏప్రిల్ 17న జరిగింది. తెలంగాణలో రాత్రి కర్ఫ్యూ ఏప్రిల్ 20న వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య పౌర్వాపర్యం తప్ప కార్యకారణ సంబంధం ఉందని వ్యాఖ్యాత అనడు.

సిద్ధాంతం

ఇంతమాత్రాన ఆంక్షలన్నీ బూటకమనేవారి పక్షం నాది కాదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి పదకొండుమంది పోయారు. ఆ నెలలో పడక కోసం ఫోన్లు పట్టుకుని తిరిగినవాళ్ల ముందు ఈ టీక చదవడానికి నాకు నోరు రాదు. తలుపులు మూసుకుని కూర్చోవలసిన రోజులు ఉన్నాయి. కూర్చున్నందువల్ల బతికినవాళ్లూ ఉన్నారు. ముసలివాళ్లున్న ఇంటికి మాస్కు లేకుండా వచ్చిన చుట్టాన్ని గేటు దగ్గర ఆపితే అది మర్యాద తక్కువ కాదు.

అయితే ఆ మే నెలలోనే గేటు బుద్ధి రాష్ట్రమంత పెరిగింది. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర, ఆంధ్ర నుంచి రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపేశారు. హైదరాబాదులో పడక ఖాయమైనట్టు కాగితం చూపమన్నారు. ఊపిరాడనివాణ్ణి రోగం రాకుండా ఆపడం ఏ శాస్త్రంలోని మాట? మే 14న తెలంగాణ హైకోర్టు, అలా ఆపమన్న ప్రభుత్వ ఉత్తర్వును నిలిపివేసింది. ఆంక్ష మనిషి కోసమా, ఆంక్ష కోసం మనిషా అనే మీమాంసకు పుల్లూరును మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇది హద్దు దాటడమే. మరో పేరు లేదు.

తదుపరి ఉత్తర్వుల వరకు = ఇక్కడ కొంత ఆగాలి. మొదటి లాక్‌డౌన్‌కు 2020 మార్చి 25 నుంచి ఇరవై ఒక్క రోజులని గడువుండేది. తర్వాత మే 3, మే 17, మే 31. పొడిగించినా ప్రతిసారీ ఒక తేదీ చెప్పారు, ఆ తేదీకి జవాబు కూడా చెప్పుకోవలసి వచ్చింది. ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అనేవాడికి ఆ బాధ లేదు. నిన్న ఎందుకు ఆపావని గాని, రేపు ఎందుకు ఆపుతావని గాని అతణ్ణి అడగడానికి రోజు దొరకదు. తెలంగాణలో 2020 డిసెంబరుకు సినిమా హాళ్లు తెరిచారు. ఒకటో తరగతి పిల్లలు మాత్రం 2020 మార్చిలో ఇంటికి వచ్చి, మళ్లీ 2021 సెప్టెంబరుకు గాని బడికి పోలేదు. తెరవకపోవడానికి కారణం చెప్పే భారం ఎవరి మీదా లేదు, ఎందుకు తెరుస్తున్నావో చెప్పే భారం మాత్రం తెరిచేవాడి మీద ఉంది. ఆరేళ్లవాడు అక్షరాలు మరిచిపోతే ఏ బులెటిన్‌లోనూ లెక్కకు రాడు.

చివరికి కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన కోవిడ్ ఆంక్షలను 2022 మార్చి 31తో ముగించింది. ఆ తదుపరి ఉత్తర్వు మా లిఫ్టు దాకా రాలేదు.

తాత్పర్యం

రోగభయం ఉన్నంతకాలం జాగ్రత్తగా ఉండాలని వాచ్యార్థం. ఎవరు ఎక్కడ నిలబడాలో రోగం రాకముందే మనసులో ఉన్నదాన్ని రాసుకోవడానికి ఒక కాగితం దొరికిందని వ్యంగ్యార్థం.

పాఠాంతరం

అపార్టుమెంటుకు రంగులు వేయించినప్పుడు కాగితం చించేశారు. ఆ చోట ఇప్పుడు స్టీలు పలక ఉంది. దాని మీద మాస్కు లేదు, బటన్ల మాట లేదు, బంధువులు గేటు దాటి వచ్చి రెండేసి రోజులుంటున్నారు. మిగిలింది ఒక్క వాక్యం: “పనివారు, డెలివరీ బాయ్స్ మెట్లు మాత్రమే వాడవలెను.”

ఇది ఎప్పటిదాకా అని సెక్రటరీగారిని అడిగాను. “స్టీలు కదండీ, తేదీ వేయిస్తే మళ్లీ చెక్కించాలి. ఖర్చు,” అన్నారు.