అవ్వకి కోడలి వేళ, నాకు కంపెనీ వేళ

మా రోజుల్లో హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికి పోయినా పంచలో ఒక నులకమంచం, దాని మీద దగ్గుతూ ఒక తాతో అవ్వో ఉండేవాళ్ళు. ఇప్పుడు పంచలే లేవు. బాడుగల కోసం మూడంతస్తులు లేపినాక పంచెక్కడిది? సిప్కాటు పారిశ్రామికవాడ వచ్చింది, 1980లో అశోక్ లేలాండు వచ్చింది, టీవీఎస్, టైటాను వచ్చాయి. ఇంక మన పిలకాయలకి ఊళ్ళోనే ఉద్యోగాలని మురిసిపోయాం. వాళ్ళేమో బెంగళూరికి, అక్కడ్నుంచి అమెరికాకి పోయారు.

ఇట్లా ఒంటరిగా మిగిలిన ముసలోళ్ళకి ఇంటికొచ్చి సేవ చేయడం ఇప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడతారు. 1962లో మద్రాసు ప్రభుత్వం నెలకి 20 రూపాయల ముసలోళ్ళ పించను పెట్టింది. మా వీధి చివర దిక్కులేని ముసలామెకి పోస్టుమ్యాను మనియార్డరు తెచ్చి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి చూపించి, వేలిముద్ర వేయించుకుని, ఎవరికైనా కార్డు ముక్క రాయాలంటే అదీ రాసిపెట్టి, మజ్జిగ తాగి పోయేవాడు.

అట్లని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోను. మంచాన పడిన మా అవ్వకి నీళ్ళు పోసిందీ, పక్క మార్చిందీ మాయమ్మ ఒక్కతే. 'పెద్దోళ్ళని మేం చూసుకుంటాం' అని రచ్చకట్ట మీద చెప్పుకున్నది మాత్రం మగోళ్ళు. అవ్వకీ సుఖం లేదు. కోడలు లేపినప్పుడు లేవాలి, పెట్టినప్పుడు తినాలి. సంగటి గట్టిగా ఉందంటే ఆ పూట ఇల్లు రణరంగమే.

ఇప్పటి సంగతికొస్తే, 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వైద్యం, మొదలుపెట్టింది చెన్నైలో కాదు, మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. కాళ్ళు చేతులు ఆడనోళ్ళకి ఫిజియోథెరపీ, మంచం దిగలేనోళ్ళకి నర్సు. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా ఇచ్చింది. మా వీధికొచ్చేది మహిళా సంఘం అమ్మాయి. వాకిట్లో చెప్పులు విడిచి, "తాతా, చెయ్యి చాపు" అని తెలుగులోనే చెప్పి బీపీ పట్టీ చుడుతుంది. పాత మాత్రల అట్ట అడిగి తీసుకుని, ఖాళీ గుంతలు వేలితో తడిమి లెక్కపెడుతుంది. రెండు మిగిలినాయంటే "ఎందుకేసుకోలే?" అని నిలదీస్తుంది. ఈ పనికి వంక పెడదామని శానా వెతికినా, దొరకలేదు.

మాత్రలు మింగేదానికి నిమిషం పడుతుంది. తక్కిన రోజంతా? సిలిండరు మార్చాల, స్నానాలగదిలో చెయ్యి అందించాల, బ్యాంకుకి తోడు రావాల. దానికని మా అబ్బాయి అమెరికా నుంచే బెంగళూరు కంపెనీ ఒకదానికి డబ్బు కట్టాడు. పన్నెండు గంటలు తీసుకో, లేదా ఇరవైనాలుగు గంటలు తీసుకో అన్నారు. నాకు కావలసింది పొద్దున గంట, సాయంత్రం అరగంట. "ఆ ప్యాకేజీ లేదు సార్." వచ్చిన పిల్లోడు పొద్దుగూకేదాకా నా ఎదురుగా కూర్చుని ఫోను చూశాడు. వాడికి టీ పెట్టింది నేను. నెల తిరక్కుండా మాన్పించినా.

2025 ఆగస్టు నుంచి 'తాయుమానవర్' పథకం కింద డెబ్బై దాటినోళ్ళకి రేషనూ ఇంటికే అన్నారు, బాగుంది. పించను మాటే ఎత్తొద్దు. 2023లో వెయ్యిని 1,200 చేశారు. సరిహద్దు అవతల కుప్పంలో మా వియ్యపురాలికి ఒకటో తారీఖు పొద్దున్నే 4,000 ఇంటికొచ్చి చేతిలో పెడుతున్నారు. ఆమె మాకు ఫోను చేసేది కూడా ఒకటో తారీఖే.

బియ్యం, మందులు గడప దాకా వచ్చేశాయి. గంటసేపు ఉండిపోయే మనిషే రాలేదు. చివరికి సంఘంలోనే ఇంకొకామెని అడిగినా, గంటకింతని ఇస్తా, నేను చెప్పిన వేళకి రామ్మా అని. సరేనంది. ఆదివారం మాత్రం రానంది. మా ఇంట్లో గ్యాసు అయిపోయేది ఆదివారమే, ఆ బేరం ఇంకా తెగలేదు.